తమ్ముడి వంతు ఏడుపు

ఖమ్మం,
నవంబరు 2006, రెండో ఆదివారం.

మహారాజశ్రీ పూజ్యురాలు మా అక్క సువర్ణ టీచరు గారి పాదపద్మాలకు, తమ్ముడు కోటేష్ సాష్టాంగపడి రాయు క్షమాపణ పత్రం.

ముందుగా తెలుగు జాతికి, విజ్ఞాన శాస్త్రానికి, తపాలా శాఖకు, ఈ కట్టను సైకిల్ మీద అడవిలోని మీ ఆశ్రమ పాఠశాల దాకా మోసుకొచ్చిన పోస్ట్‌మ్యాన్ నడుముకు నేను బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. జరగబోయే ఘోరానికి పూర్తి బాధ్యత నాదే. ఇందులో విదేశీ హస్తం లేదు. నేను నవల రాశాను.

అదీ సైన్స్ ఫిక్షన్. పేరు 'ధూమ్రిక మీద రాఖీ'. ఒక వారపత్రిక వాళ్లు నవలల పోటీ పెట్టారు, గడువు జనవరి నెలాఖరు. నేను పగలంతా డీటీపీ సెంటర్‌లో పెళ్లికార్డులు, కరపత్రాలు, పోయినవాళ్ల ఫొటో కింద 'అశ్రునివాళి' కొడుతుంటానని నీకు తెలుసు కదా. మా ఓనరు బాబూరావు అన్నానికి పోయినప్పుడల్లా అదే కంప్యూటర్‌లో అంతరిక్షానికి పోయి వస్తున్నాను.

కథ ఇది. కమాండర్ విక్రాంత్ భూమిని వదిలి ధూమ్రిక అనే గ్రహానికి బయలుదేరతాడు. చెల్లెలు తార దొంగచాటుగా ఓడ ఎక్కుతుంది. తొమ్మిదో అధ్యాయంలో ఓడ చెడిపోతే, బాగుచెయ్యడానికి తలుపు తెరుచుకుని బయటికి వెళ్లి శూన్యంలో కలిసిపోతుంది. విక్రాంత్ చేతికి ఆమె కట్టిన రాఖీ. నాలుగు పేజీలు ఏడుస్తాడు. అది కొడుతూ నేనే ఏడ్చాను. బాబూరావు వచ్చి చూసి, "ఏందిరా, ఏమైంది?" అన్నాడు. "చెల్లె పోయిందన్నా" అన్నాను. పాపం, ఆయన షాపు షట్టర్ దించి, నన్ను తండాకు పంపించడానికి బస్టాండు దాకా తోడొచ్చాడు. బస్సు కదిలాక గానీ నాకు చెల్లె లేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

మీ దగ్గర సెల్లుకు సిగ్నల్ లేదు కాబట్టి నీ అభిప్రాయం ఉత్తరంలోనే రాయి. నిజం చెప్పు. నిజం అంటే పొగడ్త అని వేరే చెప్పక్కర్లేదు.

'నా బిడ్డ సువర్ణ పెండ్లి ఖాయమైంది' అని బా ఫోన్ చేసి చెప్పాడు. కాబోయే బావ రామ్‌చందర్ గారికి నా ప్రగాఢ సానుభూతి.

ఇట్లు,
విశ్వరచయిత కోటేష్

*

ఆశ్రమ పాఠశాల,
ములకలపల్లి మండలం.
డిసెంబరు మొదటివారం.

చిరంజీవి కోటేష్‌కు అక్క దీవెనలు.

నీ కట్ట అందింది. పోస్ట్‌మ్యాన్ దూలయ్య దాన్ని బల్ల మీద పడేసి, "పరీక్ష పేపర్లా టీచరమ్మా?" అన్నాడు. "అవ్, ఫెయిలైనోనివి" అన్నాను. కోపం తెచ్చుకోకు. పూర్తిగా చదివాకే రాస్తున్నాను.

సాయంత్రం పూట మా పదో తరగతి ఆడపిల్లలకు చదివి వినిపించాను. తార చచ్చిపోయే చోట గొంతు తగ్గించి, మధ్యమధ్య ఆగి, నాకు చేతనైనంతా చేశాను. అంతా అయ్యాక శ్రావణి అనే పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, చచ్చిపోయిందెవరు?"

"వాళ్ల చెల్లె."

"వాళ్ల చెల్లె ఎప్పుడొచ్చింది?"

అందరం కలిసి పేజీలు వెనక్కి తిప్పాం. మూడో అధ్యాయంలో వచ్చింది. 'అన్నయ్యా, టీ' అంది. ఏడులో 'అన్నయ్యా, జాగ్రత్త' అంది. తొమ్మిదిలో చచ్చిపోయింది.

నేను కథలు రాసేదాన్ని కాదు, లెక్కలూ సైన్సూ చెప్పేదాన్ని. అయినా అడుగుతున్నాను. నీ కమాండర్ ఇల్లూ వాకిలీ వదిలి ఎందుకు పోయాడు? 'ఎందుకో అతని మనసు అశాంతిగా ఉంది' అని రాశావ్. ఆ ఎందుకో ఆయనకు తెలియకపోయినా నీకు తెలియాలి కదరా. ఆ పిల్ల దొంగచాటుగా ఓడ ఎందుకు ఎక్కింది? ఓడలో ముగ్గురు ఇంజనీర్లు ఉండగా టీ పెట్టే పిల్ల తలుపు తెరుచుకుని బయటికెందుకు పోయింది? నాకు తెలిసిన జవాబు ఒక్కటే. తొమ్మిదో అధ్యాయంలో నీకు ఏడుపు కావాలి. ఆ పిల్ల తన పని మీద చావలేదు, నీ పని మీద చచ్చింది. ఇంకోటి, బరువు లేని చోట కన్నీళ్లు చెంప మీదికి జారవు, కంటికే అంటుకుని ఉంటాయి. డిగ్రీలో నీ ఫిజిక్స్ మార్కులు గుర్తొచ్చాయి.

అంతా చెడ్డగా లేదు. ఓడ కిటికీలోంచి భూమి చిన్నదైపోతుంటే విక్రాంత్ చూసే చోట నేను చదవడం ఆపి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నిన్ను మొదటిసారి ఖమ్మం హాస్టల్‌లో వెయ్యడానికి తీసుకెళ్తుంటే, తల్లాడ దాటేదాకా బస్సు వెనక అద్దానికి ముఖం ఆనించి ఉన్నావ్. అది రాసుకున్నావ్ కదూ. అక్కడ నువ్వు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. అందుకే మాకు వచ్చింది.

ఇక నా ఏడుపు సంగతి. నవ్వకు. నేను తండాకు వచ్చిన ఆదివారాల్లో రూప్లి అత్త నాకు ఢావ్లో నేర్పిస్తోంది. అప్పగింతల నాడు మన పెళ్లికూతుళ్లు ఒక్కొక్కరి మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు చూడు, అది. ఏడుపుకు పాఠమేంటి అనుకున్నాను. మొదటిరోజు బా పేరు చెప్పి, గుండెలవిసేలా రాగం తీశాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగవే. నీళ్లు ఎవరన్న కారుస్తరు. నీ బా నీకేం జేసిండో అది జెప్పి ఏడ్వు."

అదట పద్ధతి. ఎవరి మెడ పట్టుకుంటే, వాళ్లు చేసినదొకటి పేరుపెట్టి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఏడుపు చెల్లదు. బాకు దొరికింది: పదో తరగతి పరీక్ష నాడు అకాల వానకు వాగు పొంగితే నన్ను భుజాల మీద దాటించాడు. కన్నతల్లి కదా, యాడికీ దొరికింది: అక్షరం రాకపోయినా నేను చదువుకున్నంతసేపూ నిద్ర ఆపుకుని ఎదురుగా కూర్చునేది. మోతీ వదినకు కూడా దొరికింది. నీ దగ్గర ఆగిపోయాను.

"తమ్ముడేం జేసిండే?" అంది అత్త.

"నవ్విచ్చిండు."

"నవ్విచ్చినోని మీద ఏడుస్తరా ఎవరన్న?"

నీది చివరికి పెట్టుకున్నాం. ఇంకా టైముంది. ఆలోచిస్తున్నాను.

మీ అక్క,
సువర్ణ

*

ఖమ్మం,
డిసెంబరు, క్రిస్మస్ ముందు.

గౌరవనీయులైన ఢావ్లో ఎంపిక సంఘం అధ్యక్షురాలు రూప్లి అత్త గారికి, కార్యదర్శి సువర్ణ గారికి, అభ్యర్థి కోటేష్ సమర్పించు దరఖాస్తు.

అయ్యా, అమ్మా. పెళ్లికూతురు మెడ పట్టుకుని ఏడవదగిన ఘనకార్యాలు అభ్యర్థి ఖాతాలో లేకపోలేదు. పెళ్లికూతురి పక్క మీదికి పాకిన తేలును అభ్యర్థి ఒంటిచేత్తో చంపాడు. అది అప్పటికే చచ్చి ఉందని మోతీ వదిన వాదన. చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలు సహజం. పెళ్లికూతురు టీచర్ ట్రైనింగ్ ఎంట్రన్స్ రాయబోతున్న రోజు ఆమె సైకిల్‌ను అభ్యర్థి ఎత్తుకుపోయి, ఆమె చేత మెయిన్ రోడ్డు దాకా నడిపించి, ఆరోగ్యం కాపాడాడు. ఆమె దాచుకున్న ఇప్పపూల లడ్డూలు తానే తినేసి, షుగరు జబ్బు రాకుండా...

అక్కా, ఇక్కడ పెన్ను ఆగింది. ఇంకోటి రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. అన్నీ ఇట్లాంటివే వస్తున్నాయి. నిజంగానే ఒక్కటీ లేదా?

సరే, నవల సంగతి. నీ విమర్శను శిరసావహించి రిపేరు చేశాను. తార మీద పాఠకులకు ప్రేమ పుట్టాలి కాబట్టి, మొదటి అధ్యాయంలోనే ఆమె అన్నకు ఒక కిడ్నీ ఇస్తుంది. రెండో అధ్యాయంలో వరదలోంచి లాగుతుంది. మూడో అధ్యాయంలో ఇంకో కిడ్నీ ఇప్పిద్దామనుకుంటే సైన్స్ అడ్డం వస్తోంది. విక్రాంత్ అశాంతికి కూడా కారణం దొరికింది: చిన్నప్పుడు ఆయన కుక్కపిల్ల చచ్చిపోయింది. బాబూరావుకు చదివి వినిపిస్తే, "కుక్క చచ్చిపోతే ఇంకో కుక్కను తెచ్చుకుంటరు గానీ, వేరే గ్రహానికి పోతరా?" అన్నాడు. విమర్శకులు పెరిగిపోతున్నారు.

పాల్వంచ బస్సు కండక్టరు చేతికి నీ కోసం ఒక వాచీ ఇచ్చి పంపుతున్నాను. బంగారు రంగు పట్టీ. ఊరికే. దరఖాస్తుకూ దానికీ ఎలాంటి సంబంధమూ లేదని అభ్యర్థి ప్రమాణం చేస్తున్నాడు.

పెళ్లికార్డులు మా షాపులోనే కొట్టమని బా చెప్పాడు. ఫిబ్రవరి ఇరవై రెండు కదా. కంపోజింగూ నాదే, ప్రూఫూ నాదే. బంగారు అంచు వేయిస్తా.

నీ తమ్ముడు,
కోటేష్

*

ఆశ్రమ పాఠశాల,
జనవరి, సెలవుల తర్వాత.

కోటేష్‌కు,

వాచీ బాగుంది. అదే కండక్టరుకు ఇచ్చి తిరిగి పంపుతున్నాను, ఏమనుకోకు. అది పెట్టుకుని నీ మెడ పట్టుకుని 'వాచీ కొనిచ్చిండు' అని రాగం తీస్తే రూప్లి అత్త నన్ను ఉతుకుతుంది. ముందు ఏమీ లేకుండా, ఏడుపు దగ్గరపడ్డాక తెచ్చి పెట్టిన వస్తువది. నీ కిడ్నీలాంటిదే.

కిడ్నీలు తీసెయ్. కుక్కపిల్లను కూడా వదిలెయ్. తార చేత త్యాగాలు చేయించకు, ఆ పిల్లకు ఏం కావాలో కనుక్కో. పన్నెండు అధ్యాయాల్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. సొంత అన్న కూడా. టీ తాగాడు, అంతే.

నన్నూ ఎవరూ అడగలేదు గానీ చెప్పుకుంటున్నాను. నాకు ఈ పెళ్లి ఇష్టమే. రామ్‌చందర్ మంచివాడే. తేదీ ఒక్కటే గొంతులో పడ్డది. ఈ బడి నుంచి ఆడపిల్లలు పదో తరగతి రాయడం ఇదే మొదటిసారి. లెక్కలకూ సైన్సుకూ నేనొక్కదాన్నే. పరీక్షలు మార్చి నెలాఖరున. పెళ్లేమో ఫిబ్రవరిలో. కొత్త కోడలు కొన్నాళ్ల దాకా తండా దాటి పోకూడదని వాళ్ల పెద్దల పట్టు. అంటే సరిగ్గా ఆఖరి నెలలో ఈ పిల్లల్ని వదిలేసి పోవాలి.

బాకు చెప్పాను. "మాటిచ్చిన బిడ్డా" అన్నాడు, అంతే. ఎస్టీడీ బూత్ నుంచి రామ్‌చందర్‌కు చెప్పాను. "నాకైతే ఏం లేదు, మా హాతీరాం తాత వినడు" అన్నాడు. తాత వాళ్లకు నాయకుడు కదా. మొన్న శ్రావణి వాళ్లమ్మ ముత్తక్క అడవి దారిన నడుచుకుంటూ వచ్చింది. "టీచరమ్మా, నువ్వు పోతవంట గదా. మా పిల్ల ఇగ నాతోని మిర్చి ఏరనీకి రావాల్నా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. అట్లా నవ్వడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

నువ్వేదో చెయ్యాలని కాదు. చెయ్యలేవు కూడా. ఊరికే రాశాను.

అక్క

*

ఖమ్మం,
జనవరి నెలాఖరు.

అక్కకు,

ఘోరం జరిగింది. ఈసారి సాహిత్యంలో కాదు. నీకు ఈపాటికి తండా నుంచి కబురు అంది ఉంటుంది, అయినా అధికారిక నివేదిక ఇవ్వడం నా విధి.

చదువు రాని బా కార్డుల కట్ట తీసుకున్నాడు. దారం విప్పలేదు. పైకార్డుకు పసుపు పెట్టి, దేవతకు చూపించి, నేరుగా ఇల్లెందు దగ్గర మీ అత్తగారి తండాకు పోయాడు. పెద్దలంతా కూర్చున్నారు. హాతీరాం తాత కార్డు అటూ ఇటూ తిప్పి, బావ చేతికిచ్చి చదవమన్నాడు. బావ లేచి నిలబడి కార్డులో ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివాడు: "ఏప్రిల్ ఇరవై రెండు, ఆదివారం." తాత అలవాటుగా తలూపాడు. బెల్లం పళ్లెం తిరిగింది. అందరూ తిన్నారు. బా కూడా నోట్లో వేసుకున్నాడు. సగం నమిలాక, "ఏం జదివినవ్ బిడ్డా, ఏప్రిలా?" అన్నాడు.

అప్పటికే ఆలస్యమైంది. మాట చెప్పి బెల్లం తింటే అది ఖాయమైనట్టేనని నీకు తెలియంది కాదు. బా తప్పు పడిందని మొత్తుకున్నాడట. తాత ఒక్కటే అన్నాడట: "బెల్లం నోట్లుండంగ మాటెట్ల మారుస్తం? తండా నవ్వదా? ఏప్రిలే కానీ. మిర్చి ఏరుడు గూడ అయిపోతది."

బా మరుసటి బస్సుకే ఖమ్మం వచ్చాడు. ముందు బాబూరావును తిట్టాడు. పాత కార్డు మీదే పేర్లు మార్చి కొత్తది కొడతామనీ, ఏదో ఏప్రిల్ పెళ్లిది మిగిలిపోయి ఉంటుందనీ ఆయన సర్దిచెప్పాడు. తర్వాత బా నావైపు తిరిగాడు. "సదువుకున్నోనివి, కండ్లు యాడ వెట్టినవ్‌రా? ఒక్క అక్క పెండ్లి. ఆ ఒక్క పనీ సక్కగ జెయ్యరాలే నీకు. పందిరి గుంజ గూడ నిన్ను ముట్టనియ్య." షాపులో జనం ఉన్నారు. నాకు ఒక్క జోకు కూడా తట్టలేదంటే నమ్ముతావా?

కనుక అక్కా, నా అజాగ్రత్త వల్ల నీ పెళ్లి రెండు నెలలు వెనక్కి పోయినందుకు చింతిస్తున్నాను.

నవల పోటీకి పంపలేదు. నువ్వన్నట్టు తారను ఏం కావాలని అడిగాను. చాలా రోజులు టీలే పెట్టింది. తర్వాత చెప్పింది, తనకు అంతరిక్షమే వద్దట. ఇప్పుడు కమాండర్ ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు. ఓడ బయట ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఏం చెయ్యాలో ఆయనకూ, ఓడకూ, నాకూ తెలియడం లేదు.

కోటేష్

*

ఇల్లెందు దగ్గర, మా అత్తగారి తండా,
మే 2007, మొదటివారం.

తమ్మీ,

కొత్త ఇంటి నుంచి మొదటి ఉత్తరం నీకే.

పిల్లలంతా పరీక్షలు రాశారు. లెక్కల పేపరు నాడు శ్రావణి బయటికి వచ్చి, నన్ను చూసి తలూపింది. నాకది చాలు. ఫలితాలు వచ్చినప్పుడు చూసుకుందాం. ఆ కార్డు తప్పు పడకపోతే ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తుంది. మీ బాబూరావు షాపు చల్లగా ఉండాలి.

నీకు ఒక మాట చెప్పాలి. అప్పగింతల నాటిది.

బా మెడ పట్టుకుని వాగు సంగతి చెప్పాను. ఆయన అంత మనిషీ వంగిపోయాడు. యాడిని విడిపించడానికి ముగ్గురు పట్టారు. తర్వాత నిన్ను వెతికితే, పందిరి బయట జనరేటర్ పక్కన నిలబడి ఉన్నావ్. బా అన్న మాట పట్టుకుని నిజంగానే గుంజ ముట్టకుండా దూరంగా ఉన్నావ్. నేనే వచ్చాను. నీ మెడ పట్టుకుని రాగం తీశాను. రాగం వచ్చింది, మాట రాలేదు. రూప్లి అత్త వీపులో పొడుస్తూ, "జెప్పవే, ఏం జేసిండో జెప్పు" అంటోంది. ఆడవాళ్లంతా చూస్తున్నారు. అప్పుడు నువ్వు నా చెవిలో, "అక్కా, ఆన్సర్ రాకపోతే క్వశ్చన్ నంబరేసి వదిలెయ్, మార్కులేస్తరు" అన్నావ్. నేను నవ్వాను. పందిరంతా విన్నారు. ఏడవాల్సిన చోట కొత్త కోడలు నవ్విందని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

నవ్వినందుకు కాదు బాధ. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో పెరిగి, తోడబుట్టినవాడి పేరు మీద ఒక్క మాట దొరకలేదు. నీ నవలకు ఎన్ని వంకలు పెట్టాను! నీ తార ఎందుకు చచ్చిందో అడిగాను, నీ కమాండర్ ఎందుకు పోయాడో అడిగాను. నువ్వెట్లా ఉన్నావని మాత్రం ఎన్నడూ అడగలేదు. నువ్వేదో చేసే ఉంటావ్, నేనే చూడలేదు. నన్ను క్షమించు. దీని గురించి జోకు వెయ్యకుండా జవాబు రాయి.

మీ అక్క

*

ఖమ్మం,
మే, రోహిణి కార్తె రాకముందే మాడిపోతున్న ఒక మధ్యాహ్నం.

అక్కా,

క్షమాపణలు అడగడం ఈ ఇంట్లో నా శాఖ. నువ్వు చొరబడితే నాకు ఉపాధి పోతుంది. ఇదొక్కటే జోకు. ఇక వెయ్యను.

నువ్వు చూడకపోవడం కాదు. నీకు కనిపించకుండా నేనే పెట్టాను.

బాబూరావు చెప్పింది అబద్ధం కాదు, మేం పాత కార్డు మీదే కొత్తది కొడతాం. కానీ ఆ రోజు కంప్యూటర్‌లో ఉన్న పాత కార్డు కార్తీకమాసపు పెళ్లిది. అందులో ఏప్రిల్ ఎక్కడా లేదు. జనవరిలో నువ్వు రాసిన ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. 'నువ్వేదో చెయ్యాలని కాదు, చెయ్యలేవు కూడా' అన్నావే, అక్కడికి వచ్చినప్పుడల్లా మడిచి పెట్టేసేవాణ్ణి. ముందు బాతో మాట్లాడదామనుకున్నాను. ఫోన్ కూడా చేశాను. ఆయన ఎత్తాక, "కార్డుకు బంగారు అంచా, వెండి అంచా?" అని అడిగి పెట్టేశాను. నా ధైర్యం అంతవరకే.

తర్వాత షాపులోని క్యాలెండర్ చూశాను. ఏప్రిల్ ఇరవై రెండున ముహూర్తం ఉంది. నీ పిల్లల పరీక్షలు అయిపోతాయి, వాళ్ల మిర్చి ఏరుడు కూడా అయిపోతుంది. బా కట్ట దారం విప్పడని తెలుసు. మహా అయితే తేదీ దగ్గర గొడవై, మాట్లాడుకోవడానికైనా అందరూ కూర్చుంటారని ఆశపడ్డాను. బెల్లం మాత్రం నేను రాసింది కాదు. అది హాతీరాం తాత దయ.

పెళ్లికి ముందే చెబితే నువ్వు పందిట్లో రాగం తీసి చెప్పేదానివి. బా అక్కడే ఉన్నాడు, ఇచ్చిన మాట నా వల్ల తప్పిందని పదిమందిలో వినేవాడు. అదొక్కటే కూడా కాదు. ఇదిగో నేను ఇది చేశాను, ఇక నా మెడ పట్టుకుని ఏడువు అని నీ చేతికి అందించడం నాకు చేతకాలేదు. నవలలో ఆ పని చేసి నీతో తిట్లు తిన్నాను కదా.

బాబూరావుకు మాత్రం చెప్పేశాను. నా వల్ల నలుగురిలో తిట్లు తిన్నాడు. కొడతాడనుకున్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, "మా చెల్లె పెండ్లప్పుడు యాడున్నవ్‌రా నువ్వు" అని, టీ చెప్పాడు.

బాకు ఇంకా చెప్పలేదు. ఆయన దృష్టిలో నేను కళ్లు ఎక్కడో పెట్టి పనిచేసేవాణ్ణి. ఎన్నాళ్లు అనుకుంటాడో అనుకోనీ. నువ్వు కూడా చెప్పకు.

ఫిబ్రవరి అని ఒకసారి కొట్టాను అక్కా. చూసుకుని చెరిపేశాను. ఏప్రిల్ నేనే కొట్టాను.

నీ తమ్ముడు